కుండ కథలు – 9: మిరియాల స్టేక్ అనే మా పెద్దకూర



గోంగూర పెద్దకూర మీద రాసిన పోయిన భాగం చదివి చాలామంది ఇన్‌బాక్స్‌లోకి వచ్చారు. తిట్టినవాళ్ళ సంగతి పక్కన పెడదాం. మనవాళ్ళే కొందరు ఇంకో మాట అడిగారు. "అక్కా, తెలుగులో పీహెచ్‌డీ చేశావు, కాలేజీలో పాఠం చెబుతున్నావు, ఇంకా ఆ పేట వంటల దగ్గరే ఉండిపోయావేంటి?" అని.

సరే. ఈసారి ఫ్రెంచివాళ్ళ వంట. మాంసం ముక్కకి దంచిన మిరియాలు అద్ది, పెనం మీద కాల్చి, మీగడ సాస్ పోసి తినేది. హోటల్ మెనూలో పెప్పర్ స్టేక్ అని ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు స్టేక్ ఓ పోవ్ర అంటారు. మొన్న ఆదివారం విశాఖపట్నంలో మా అద్దె ఇంట్లో, దోసెలు పోసుకునే ఇనప పెనం మీద చేశాను. ఎలా చేశానో, చేశాక ఏమైందో రెండూ చెబుతాను. మొదటిది వంట వచ్చినవాళ్ళకి, రెండోది అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకి.

ఈ వంట మా ఇంటికి తెచ్చింది మా తమ్ముడు. వాడు సరుకు ఓడల మీద వంటవాడు. మా నాన్న ఇదే ఊరి పోర్టులో కలాసీగా చేశాడు. 1933లో ఈ పోర్టు తెరిచిన దగ్గర్నుంచీ మాలాంటి ఇళ్ళకి సముద్రం అంటే సాయంత్రం షికారుకెళ్ళే బీచి కాదు, వీపు మీది బస్తా. నాన్న ఓడలోకి సరుకు ఎక్కించాడు, దించాడు, ఓడ ఎక్కి ఎక్కడికీ పోలేదు. కొడుకు ఓడెక్కాడు. ఎక్కి వంటింట్లోకే వెళ్ళాడు. అయితే ఆ వంటింట్లో వాడి టోపీకి గౌరవం ఉంది. వాడి చేతి ముక్క కోసం నాలుగు దేశాల ఆఫీసర్లు ప్లేటు పట్టుకుని కూర్చుంటారు. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు నాకు నేర్పి వెళ్ళాడు.

ముందు మాంసం సంగతి. స్టేక్‌కి కావలసింది అండర్‌కట్. వెన్నెముకకి లోపలివైపు, నడుము దగ్గర పొడవుగా ఉండే కండ. గొడ్డు నడిచినా, బండి లాగినా ఆ కండకి పెద్దగా పని పడదు. అందుకే అది మెత్తన. కాలు, మెడ, భుజం పనిచేసే కండలు. అవి గంటలు ఉడికితేగానీ లొంగవు. మా అమ్మమ్మ కాలంలో మా పేటకి వచ్చిన వాటాలు ఎక్కువగా ఆ పనిచేసే కండలూ, పేగులూ, బొమికలూ. అందుకే మా వంటల్లో నిప్పు తక్కువ, సమయం ఎక్కువ. గోంగూర, చింతకాయ వేయడం కూడా అందుకే. పులుపు గట్టి మాంసాన్ని మెత్తబరుస్తుంది. మిగిలింది పలచగా కోసి, ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఎండబెట్టేవాళ్ళు. ఫ్రిజ్ లేని ఇంటికి అదే ఫ్రిజ్.

నాకు ఊహ తెలిశాక మా ఇంట్లోకి అండర్‌కట్ రావడం ఇదే మొదటిసారి. పాతూరు వైపు నేను ఎప్పుడూ కొనే కొట్టులో అడిగితే ఆయన నవ్వాడు. "మేడమ్, అది హోటళ్ళవాళ్ళు ముందే చెప్పుకుంటారు. మీకు కావాలంటే శనివారం ఫోన్ చెయ్యండి" అన్నాడు. చేశాను. ఆరు వందల గ్రాములు పక్కన పెట్టాడు.

అది గేదె మాంసం. ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. ఎందుకంటే తిట్టడానికి వచ్చేవాళ్ళకీ తెలియదు, తిట్లు పడే మనవాళ్ళలో చాలామందికీ తెలియదు. మన రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం ప్రకారం ఆవునీ, ఆవు దూడనీ, గేదె దూడనీ కోయకూడదు. ఎద్దు, దున్న, గేదె అయితే పాడికీ, పనికీ, ఈతకీ ఇక పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇచ్చాక కోయవచ్చు. తినడాన్ని ఆ చట్టం ఎక్కడా నేరం అనలేదు. కాబట్టి నా పెనం మీద ఉన్నది చట్టం ఒప్పుకున్న ముక్క. మన దేశం నుంచి ఇతర దేశాలకు పోయేది కూడా ఈ గేదె మాంసమే. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఎగుమతి అది. అట్టపెట్టెలో గడ్డకట్టి ఓడెక్కితే విదేశీ మారకం. మా గిన్నెలో ఉడికితే కంపు.

ఇప్పుడు మిరియాలు. మా మిరియాలు పాడేరు నుంచి వచ్చాయి. అక్కడ కాఫీ తోటలకి నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. ఆ చెట్లకి మిరియాల తీగ పాకిస్తారు. ఆదివాసీ రైతులు నిచ్చెనలెక్కి కోసి, ఎండబెడితే ఆకుపచ్చ గింజ నల్లబడి ముడతలు పడుతుంది. నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ళ ఇంటి తీగ నుంచి అరకిలో తెచ్చిచ్చింది.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కదా, ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మిరపకాయ అనే పేరులో మిరియం ఉంది. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మిరప ఈ దేశానికి రాకముందు మనకి కారం అంటే ప్రధానంగా మిరియమే. మిరప వచ్చాక పెరట్లో మొక్క వేసుకుంటే చాలు, పేదవాడి నోటికీ కారం అందింది. మా ఇంట్లో మిరియాలు జలుబు చేస్తేనో, బాలింత పథ్యానికో పొట్లం విప్పేవాళ్ళు. రెండు చెంచాల మిరియాలు ఒక్కపూట కూరకి దంచుతుంటే అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఎవులికి జొరమొచ్చిందే ఇన్ని మిరియాలు?" అంది.

వంట ఇలా. ముందురోజు రాత్రి నాలుగు బొమికలు, ఒక ఉల్లిపాయ, కాస్త అల్లం కుక్కర్లో వేసి సన్నమంట మీద గంట ఉంచి, ఆ నీళ్ళు వడకట్టి పెట్టుకున్నాను. పొద్దున్నే అండర్‌కట్ మీద తెల్లగా మెరిసే పొరని చాకుతో తీసేశాను. అది ఉంటే వేడికి ముడుచుకుని ముక్క వంకరపోతుంది. పేగుకి అడ్డంగా కాదు, పీచుకి అడ్డంగా, రెండు వేళ్ళ మందాన నాలుగు ముక్కలు కోశాను. ఉప్పు రాసి ముప్పావుగంట వదిలేశాను. మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి జల్లెడ పట్టాను. పొడి పెనం మీద మాడి చేదెక్కుతుంది. మనకి కావలసింది పలుకులు. ఆ పొడి దాచుకోండి, రాత్రికి చారులోకి పనికొస్తుంది. ముక్కల్ని తడి లేకుండా గుడ్డతో ఒత్తి, రెండువైపులా పలుకులు అద్ది అరచేత్తో నొక్కాను.

పెనం పొగ రాబోయేంత కాలాలి. చెంచా నూనె వేసి ముక్కలు పెట్టాక కదపకూడదు. ఒకవైపు మూడు నిమిషాలు, తిప్పి ఇంకోవైపు మూడు. తర్వాత మంట తగ్గించి, వెన్న ముక్క వేసి, ఆ వెన్న చెంచాతో ముక్క మీద పోస్తూ ఇంకో రెండు మూడు నిమిషాలు. ఓడ మీద మధ్యలో ఎర్రగా వదిలేస్తారట. మన బజారు మాంసం ఐసు మీద ఉండి వచ్చింది కాదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. మాంసంలో గుచ్చే థర్మామీటర్ 70 డిగ్రీలు చూపించేదాకా ఉంచాను. గేదె మాంసంలో కొవ్వు తక్కువ, అంతకు మించితే తోలవుతుంది. దించాక ఐదు నిమిషాలు మూతపెట్టి వదిలేయాలి. వెంటనే కోస్తే రసమంతా ప్లేటులోకి కారిపోతుంది.

అమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది. "పది నిమిషాలకే దించేత్తే ఉడికినట్టేనేటే? బొమిక నేదు, కొవ్వు నేదు. దీనికి రుసెక్కడిది?" అంది.

సాస్‌కి పెనంలో మిగిలిన నూనె ఒంపేసి, అడుగున అంటుకున్నది అలాగే ఉంచాలి. రుచంతా అక్కడే ఉంది. సన్నగా తరిగిన చిన్నుల్లిపాయలు వేయించి, పొయ్యి ఆర్పి మూతెడు బ్రాందీ పోశాను. తమ్ముడు దానికి మంట అంటిస్తాడు. నేను అంటించలేదు, మళ్ళీ సన్నమంట పెట్టి ఇగరనిచ్చాను. ఒక కప్పు బొమికల నీళ్ళు పోసి సగానికి మరిగించాను. ఇక మీగడ. రెండు రోజుల మీగడ ఉండలు లేకుండా గిలకొట్టి, మంట బాగా తగ్గించి కలిపాను. తెర్లనిస్తే విరిగిపోయి నెయ్యి పైకి తేలుతుంది. గరిటె వెనక పలచగా అంటుకుంటే అయిపోయినట్టే. పైన ఇంకో చిటికెడు మిరియాల పలుకులు.

ఆ మీగడ కూడా గేదెదే. పెందుర్తి వైపు నుంచి ఒకాయన మా అపార్ట్‌మెంటుకి రోజూ పాలు తెస్తాడు. ప్రతి అంతస్తులోనూ ఆయన పాలే. ఆ పాలతో అభిషేకాలు జరుగుతాయి, పరమాన్నాలు ఉడుకుతాయి, పసిపిల్లలు పెరుగుతారు. 2019 పశుగణన నాటికి మన రాష్ట్రంలో ఆవులూ ఎద్దులూ కలిపి సుమారు 46 లక్షలుంటే, గేదెజాతి సుమారు 62 లక్షలు. మన పాడి ఎక్కువగా నిలబడింది ఆ నల్లదాని మీదే. గేదె వట్టిపోయాక ఏమవుతుందని పాలాయన్ని ఒకసారి అడిగాను. "అమ్మేత్తానమ్మా. ఆ డబ్బులో ఇంకొంచెం ఏసి పాడిగేదెని కొంటాను. లేపోతే మీకు పాలెక్కడివి?" అన్నాడు. ఎవరికి అమ్ముతాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. వట్టిపోయిన గేదెని కొనేవాడు లేకపోతే అందరి పాలగ్లాసు ధరా పెరుగుతుంది. మాంసం తినేవాడి డబ్బు పాలు తాగేవాడి ఇంటికి ఆ దారిన చేరుతూనే ఉంది. గేదె ఒక్కటే. పాలకి వీధి తలుపు, మాంసానికి మూసిన కిటికీ.

ఆ కిటికీ మూసింది మా అమ్మ. పెనం వేడెక్కగానే గబగబా వెళ్ళి వంటింటి కిటికీ గడియ పెట్టింది. నేను తీశాను. ఆవిడ మళ్ళీ మూసింది. ఈ కిటికీ యుద్ధం మా ఇంట్లో కొత్త కాదు. అమ్మ ఉక్కునగరం క్వార్టర్లలో ఇళ్ళపని చేసిన మనిషి. వాళ్ళు తనకి టీ ఇచ్చే గ్లాసు ఎక్కడ బోర్లించి ఉండేదో ఆవిడకి ఇప్పటికీ గుర్తే. నాకు కిటికీ తెరవడం హక్కు. ఆవిడకి కిటికీ మూయడం అనుభవం. ఎవరిది తప్పంటే నేను చెప్పలేను.

సాస్ కలుపుతుండగా కాలింగ్ బెల్ మోగింది. పక్క ఫ్లాట్ ఆంటీ.

"ఏం వండుతున్నారమ్మా? మెట్ల దాకా వస్తోంది వాసన. భలే ఉంది, హోటల్ వాసన!"

నా వెనక నుంచి మా పాప గెంతింది. "స్టేక్ ఆంటీ!"

"ఓ, స్టేకా! మా అబ్బాయి డాలస్‌లో వీకెండ్ వస్తే గ్రిల్ ముందే ఉంటాడు. ఫొటోలు పెడుతూ ఉంటాడు. ఏంచేస్తాం, అక్కడి చలికి తినాలిట. నువ్వు చికెన్‌తో చేస్తున్నావా?"

"కాదండీ, పెద్దకూర. గేదెది."

ఆవిడ మొహంలో కోపం రాలేదు. అది చెప్పాలి. ఒక అడుగు వెనక్కి వేసింది, అంతే. "కుక్కర్ పెట్టి వచ్చానమ్మా" అని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున ఇంటి ఓనర్ ఫోన్. "మేడమ్, వాసన వస్తోందని కంప్లయింట్ వచ్చింది. ఫ్యామిలీలు ఉండే బిల్డింగ్ కదా." నేను అన్నాను, "అదే వాసన నిన్న బాగుందన్నారండీ. పేరు చెప్పాకే పాడైంది." ఆయన కాసేపాగి, "మీ పదకొండు నెలల అగ్రిమెంట్ మార్చికి అయిపోతుంది కదా, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం"కి అర్థం అద్దె ఇళ్ళలో ఉన్న ప్రతి మాల, మాదిగ, రెల్లి కుటుంబానికీ, ప్రతి ముస్లిం కుటుంబానికీ తెలుసు. ఇల్లు ఇచ్చేటప్పుడు "మీరు ఏం తింటారండీ?" అని అడిగే ప్రశ్నకి అర్థం తెలిసినట్టే. కులం అడగడం మొరటు, కూర అడగడం మర్యాద.

ఇక్కడ ఒక్కటి గమనించండి. ఆంటీ ముక్కు అబద్ధం చెప్పలేదు. ఆవిడకి ఆ వాసన నిజంగానే నచ్చింది. స్టేక్ అన్నంతసేపూ నచ్చింది. పెద్దకూర అన్న మాట చెవిన పడ్డాక ముక్కు మాట చెల్లలేదు. డాలస్‌లో కొడుకు తినేది ఆవో ఎద్దో అయ్యుంటుంది. నాది గేదె. ఆవిడ నమ్మకం లెక్కన చూసినా నేనే తక్కువ పాపిని! అయినా అతని పళ్ళెం ఎదుగుదల, నా పళ్ళెం కంపు. పట్టింపు జంతువు మీద అయితే ఇలా ఉండదు. తినేవాళ్ళ మీద కాబట్టే ఇలా ఉంది.

మన సాహిత్యంలోనూ ఇంతే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట్లో ఋతువుకో రకం వడ్డన. వానాకాలం ఏం పెట్టాడు, ఎండాకాలం ఏం పెట్టాడు, అన్నీ నోరూరేలా ఉంటాయి. నేనూ క్లాసులో ఇష్టంగా చెబుతాను. అదే కావ్యంలో మాలదాసరి కథ ఉంది. అక్కడికొచ్చేసరికి తిండి గురించిన గొడవంతా అతన్ని తింటానని పట్టుకున్న బ్రహ్మరాక్షసుడిదే. మా పొయ్యి మీది కూర తెలుగు కవిత్వంలోకి తన పేరుతో రావడానికి దళిత కవులు కలం పట్టాల్సి వచ్చింది. దిగుమర్తి సురేష్ కుమార్ గొడ్డుమాంసం మీద రాసిన కవిత 'చిక్కనవుతున్న పాట' సంకలనంలో ఉంది. దొరికితే చదవండి.

మనవాళ్ళ ప్రశ్న దగ్గరికి వస్తాను. 1927లో మహద్‌లో అంబేడ్కర్ మనల్ని చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేయమన్నారు. దాన్ని పట్టుకుని, "మరి బాబాసాహెబే వద్దన్నారు కదా" అనేవాళ్ళున్నారు. ఆయన మానమన్నది ఊరు పారేసింది మన వాటాగా తీసుకోవడం. ఆ కూటి వెనకున్న వెట్టి. అంటరానితనం ఎలా పుట్టిందని 1948లో ఆయన వేసిన పుస్తకం చూడండి. గొడ్డుమాంసం తినడం ఒకప్పుడు అందరి అలవాటేననీ, పైవాళ్ళు మానేసి ఆవుని పవిత్రం చేశాక తింటూ ఉండిపోయినవాళ్ళు అంటరానివాళ్ళయ్యారనీ ఆయన వాదన. డబ్బిచ్చి, కొట్లో నిలబడి, కావలసిన ముక్క అడిగి కొనుక్కుని తినడం వెట్టి కాదు. తినకపోవడం కూడా ఎవరిష్టం వాళ్ళది. మా ఇంట్లోనే మా పెద్దమ్మ ముట్టదు. భయపడి మానేసి, దానికి సంస్కారం అని పేరు పెట్టుకుంటేనే నా పేచీ.

భయానికి కారణాలు లేవని అనను. 2016 ఆగస్టులో మన అమలాపురంలో కరెంటు షాక్ తగిలి చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టి కొట్టారు. గుజరాత్ ఊనాలో అలాంటిదే జరిగి అప్పటికి దాదాపు నెల, అంతే. అమ్మ కిటికీ మూసినప్పుడల్లా నాకు ఆ చెట్టు గుర్తొస్తుంది. అందుకే ఆవిడతో గట్టిగా వాదించలేను.

తిన్నామా అంటే తిన్నాం. పాప రెండు ముక్కలు లాగించింది. అమ్మ ముక్క పక్కకి నెట్టి, సాస్ మాత్రం అన్నంలో కలుపుకుని, "ఈ పులుసు బాగుందే. ఇందులో మెడ ముక్కలు ఏసి ఒక గంట ఉడికిత్తే కూరవుద్ది" అంది. వచ్చే ఆదివారం అదే చేస్తాం. ఫ్రెంచివాళ్ళు ఏమనుకున్నా సరే.

పడుకునే ముందు పాప అడిగింది. "అమ్మా, రేపు స్కూల్లో సండే ఏం తిన్నావని అడుగుతారు. స్టేక్ అనాలా, పెద్దకూర అనాలా?" దానికి తొమ్మిదేళ్ళు. గుమ్మంలో ఆంటీ వేసిన ఆ ఒక్క అడుగూ అది చూసింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది, "కోడికూర అని చెప్పీమ్మా." నేను అన్నాను, "రెండూ ఒకటే అని చెప్పు. నీకు ఏ మాట ఇష్టమైతే అది చెప్పు. అబద్ధం మాత్రం అక్కర్లేదు." సోమవారం సాయంత్రం వచ్చి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు. ఒక ఆదివారం భోజనం గురించి తొమ్మిదేళ్ళ పిల్ల రాత్రి ఆలోచించుకుని పడుకోవాల్సి రావడమే నా బాధ. ఈ వంట ఎవరైనా చేసుకోగలరు. ఆ ఆలోచన అందరి పిల్లలకీ ఉండదు.

మార్చిలోపు మాకు ఇల్లు కావాలి. రెండు బెడ్‌రూములు, పాప స్కూలుకి బస్సు అందేలా గాజువాక వైపైనా సరే, ఊళ్ళోనైనా సరే. తెలిసినవాళ్ళుంటే ఇన్‌బాక్స్ చేయండి. ఓనర్‌తో మాట్లాడేటప్పుడు లెక్చరర్ అని చెప్పండి, ముగ్గురమే అని చెప్పండి, పెద్దకూర వండుతారని కూడా ముందే చెప్పండి. ఆ తర్వాత కూడా సరే అన్న ఇంటికే వస్తాం.

వచ్చే భాగంలో అమ్మ చెప్పిన మెడ ముక్కల కూర.

జై భీమ్.